హోస్టింగ్ సపోర్ట్‌కి విడిగా డబ్బు కట్టాలా, ఉచితంగా వచ్చేది చాలా?

#1 విత్తనాల_సైట్

నమస్కారం అందరికీ. రెండేళ్లుగా షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్ మీద చాలామంది సైట్లు) ఒక చిన్న వర్డ్‌ప్రెస్ సైట్ నడుపుతున్నాను. పెరటి తోటలకు విత్తనాలు అమ్ముతాం. నేను డెవలపర్‌ని కాను. థీమ్ పెట్టడం, ప్లగిన్ వేయడం, సీప్యానెల్‌లో (హోస్టింగ్ కంట్రోల్ పేజీ) అక్కడా ఇక్కడా నొక్కి చూడటం వరకే వచ్చు.

మంగళవారం పొద్దున లేచేసరికి సైట్ లేదు. 500 ఎర్రర్. అడ్మిన్‌లోకి వెళ్దామంటే అక్కడా అదే. హోస్టింగ్ వాళ్ల చాట్ తెరిస్తే 40 నిమిషాలు క్యూలో కూర్చోబెట్టారు. చివరికి ఒకాయన వచ్చి "సర్వర్ బాగానే ఉంది, సమస్య మీ సైట్ కోడ్‌లో ఉంది, మీ డెవలపర్‌ని సంప్రదించండి" అని చాట్ మూసేశాడు. టికెట్ పెట్టాను. 19 గంటల తర్వాత అదే వాక్యం వచ్చింది, కామా కూడా మారలేదు.

ఆ సాయంత్రమే వాళ్ల నుంచి ఇంకో మెయిల్. ప్రీమియం సపోర్ట్ తీసుకుంటే 15 నిమిషాల్లో స్పందిస్తారట. ధర నా హోస్టింగ్ బిల్లులో సగం. ఈ రోజుకి సైట్ పడిపోయి మూడో రోజు. టెన్షన్‌తో నిద్ర లేదు. కట్టేయమంటారా?

#2 పాత_సర్వర్

కట్టొద్దు. ముందు ఎర్రర్ లాగ్ చూడండి, ఎక్కడ తప్పు జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టా అది. సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో మీ సైట్ ఫోల్డర్‌లోనే ఎర్రర్_లాగ్ అని ఒక ఫైల్ ఉండాలి. దాని చివరి నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి. మీ యూజర్‌నేమ్ కనిపిస్తే చెరిపేసి పెట్టండి.

#3 బగ్గు_బావ

ప్రీమియం తీసుకుంటే "సమస్య మీ కోడ్‌లో ఉంది" అన్న మాట 15 నిమిషాల్లోనే చెప్తారు. 25 నిమిషాలు మిగిలినట్టే కదా 😄

#4 రాత్రి_షిఫ్ట్

బావ గారు నవ్వులాటకి అన్నారు కానీ అందులో నిజముంది. ఒక హోస్టింగ్ కంపెనీ సపోర్ట్‌లో ఆరేళ్లు పనిచేశాను, ఎక్కువగా రాత్రిపూటే. అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

మీకు చాట్‌లో మొదట దొరికేది ఫస్ట్ లెవెల్ మనిషి. అతని ముందు ఒకేసారి నాలుగైదు చాట్‌లు తెరిచి ఉంటాయి. ఒకరు పాస్‌వర్డ్ మర్చిపోయారు, ఒకరు బిల్లు రెండుసార్లు కట్టారు, ఒకరి మెయిల్ పోవడం లేదు, మధ్యలో మీ 500. ఎవరికైనా ముందు చేసే పరీక్ష ఒకటే: సర్వర్ లేచి ఉందా, అదే సర్వర్‌లో మిగతా సైట్లు నడుస్తున్నాయా? నడుస్తుంటే ఆ మనిషి దృష్టిలో మీ సమస్య అక్కడితో అయిపోయింది. మిగిలింది రెడీమేడ్ జవాబు అతికించడమే. కామా కూడా మారలేదన్నారే, అందుకే మారలేదు. మేం అతికించేవాళ్లం. ఒక షిఫ్ట్‌లో చాట్‌కి ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుంది. దాటితే పైనుంచి మాట పడుతుంది. మీ లాగ్ తెరిచి చదవాలని ఉన్నా చదవనిచ్చే తీరిక ఉండదు.

ఇప్పుడు ప్రీమియం అంటే ఏం మారుతుంది? నేను చేసిన చోట మారింది క్యూ ఒక్కటే. టికెట్ పైకి వస్తుంది, దాన్ని కాస్త అనుభవం ఉన్నవాళ్లు తీసుకుంటారు. కానీ "15 నిమిషాల్లో స్పందన" అన్నది మొదటి జవాబు గురించి. "మీ టికెట్ అందింది, చూస్తున్నాం" అన్నా స్పందన కిందే లెక్క. పరిష్కారానికి గడువు రాసిచ్చే కంపెనీ నాకు తారసపడలేదు. ఇవ్వలేరు కూడా, ఎందుకంటే సమస్య ఏమిటో తెలియకుండా ఎంతసేపట్లో తీరుతుందో ఎవరు చెప్పగలరు?

కాబట్టి ధర సంగతి తర్వాత. ఆ ప్లాన్‌లో వాళ్లు దేనికి చెయ్యి వేస్తారో, దేనికి వెయ్యరో ఒక పేజీ ఉంటుంది. మేం దాన్ని స్కోప్ అనేవాళ్లం. అది చదివి ఇక్కడ పెట్టండి.

#5 డీఎన్‌ఎస్_దయ్యం

రాత్రి_షిఫ్ట్ గారి మాటకు ఒకటి కలుపుతాను. జనం "సపోర్ట్" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిపేస్తారు. సర్వర్‌ని నిలబెట్టడం ఒకటి. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని, అంటే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష), డేటాబేస్, మెయిల్ లాంటివాటిని చూసుకోవడం ఇంకొకటి. మీ సైట్‌ని చూసుకోవడం మూడోది. షేర్డ్ హోస్టింగ్‌లో మొదటి రెండూ మీ బిల్లులోనే ఉంటాయి. మూడోది దాదాపు ఎక్కడా ఉచితంగా రాదు. అదే అన్‌మేనేజ్డ్ వీపీఎస్ (మనమే చూసుకోవాల్సిన సొంత వర్చువల్ సర్వర్) తీసుకుంటే రెండోది కూడా మీ నెత్తినే పడుతుంది, వాళ్లు మెషీన్ ఆన్‌లో ఉంచుతారంతే. నేను ఈ తేడా తెలియక వీపీఎస్‌కి మారి, మెయిల్ సర్వర్ సరిచేయడానికి మూడు రాత్రులు కూర్చున్నవాణ్ణి.

పెద్ద క్లౌడ్ కంపెనీల్లో ఈ గీత ఇంకా స్పష్టం. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఉచిత బేసిక్ సపోర్ట్‌లో అకౌంట్, బిల్లు ప్రశ్నలకు మనిషి దొరుకుతాడు. టెక్నికల్ కేసు తెరవాలంటే డబ్బు కట్టే ప్లాన్ ఉండాల్సిందే. కనీసం అక్కడ దాచిపెట్టరు.

ఇంకో మాట. 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ చూసి ధైర్యం తెచ్చుకోకండి. 30 రోజుల నెలలో ఆ మిగిలిన 0.1 శాతం అంటే 43 నిమిషాలు. ఏడాదికి ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది. అంతసేపు పడుకున్నా వాళ్లు మాట తప్పినట్టు కాదు. తప్పినా తిరిగిచ్చేది హోస్టింగ్ బిల్లులో కొంత భాగమే తప్ప మీరు పోగొట్టుకున్న ఆర్డర్లు కాదు. మీ విషయంలో అదీ రాదు. వాళ్ల లెక్కలో సర్వర్ ఒక్క నిమిషం కూడా పడలేదు.

#6 విత్తనాల_సైట్

అందరికీ థాంక్స్. స్కోప్ పేజీ దొరికింది, అట్టడుగున చిన్న అక్షరాల్లో. సారాంశం ఇది: క్యూలో ప్రాధాన్యం, మొదటి స్పందన 15 నిమిషాల లోపు, సర్వర్ వైపు సమస్యలు, నెలకు ఒక సైట్ తరలింపు, ఉచిత బ్యాకప్ రీస్టోర్. చివర్లో "ఇతరుల సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు, థీమ్‌ల విషయంలో వీలైనంత మేరకు సాయం" అని ఉంది. వీలైనంత అంటే ఎంత?

ఎర్రర్ లాగ్ ఫైల్ మాత్రం నాకు కనపడలేదు పాత_సర్వర్ గారూ.

#7 రాత్రి_షిఫ్ట్

"వీలైనంత" అంటే ఆ రోజు క్యూ ఎంత పొడుగ్గా ఉంటే అంత తక్కువ. చేసినా అడగలేరు, చేయకపోయినా అడగలేరు. మీరు డబ్బు కట్టబోయేది సరిగ్గా ఆ వాక్యం కోసమే, తీరా హామీ లేనిది దానికొక్కదానికే.

#8 అర్ధరాత్రి_డెప్లాయ్

ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను. క్లయింట్ల సైట్లు 30 దాకా చూసుకుంటాను, సపోర్ట్‌కి ఏటా డబ్బు కడతాను, ఎప్పుడూ చింతించలేదు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూలు తమకు మెయిల్ పంపేవాళ్ల మీద నిబంధనలు బిగించాయి గుర్తుందా? మామూలుగా పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఏర్పాట్లు) ఒకటైనా ఉండాలి. జీమెయిల్‌కి రోజుకి 5,000 మెయిల్స్ దాటించేవాళ్లకి రెండూ ఉండాలి, పైగా డీమార్క్ (ఆ పరీక్ష తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు). అప్పుడు నా క్లయింట్ ఒకరి ఆర్డర్ మెయిల్స్ స్పామ్‌లోకి పోవడం మొదలైంది. రికార్డులన్నీ సరిగ్గా పెట్టాను. అయినా పోతున్నాయి. రెండు రోజులు జుట్టు పీక్కుని టికెట్ పెట్టాను. సీనియర్ ఇంజనీర్ మెయిల్ లాగ్ తీసి చూస్తే, అదే సర్వర్‌లో ఇంకెవరిదో హ్యాక్ అయిన సైట్ స్పామ్ పంపుతోంది, దానివల్ల అందరూ వాడే ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడింది. నా మెయిల్స్‌ని వేరే ఐపీకి మార్చాడు. మొత్తం గంటన్నర.

ఆ లాగ్ నాకు కనపడదు. కనపడే హక్కే లేదు. షేర్డ్ సర్వర్‌లో మన గది తాళం మన దగ్గరుంటుంది కానీ మీటర్ల గది తాళం వాళ్ల దగ్గరే. ఆ గదిలోకి వెళ్లి చూసే మనిషి త్వరగా రావడానికి నేను డబ్బు కడుతున్నాను. ఫోరంలో వందమంది నిపుణులున్నా ఆ పని చేయలేరు.

#9 పాత_సర్వర్

మీకు సరే బ్రో. 30 సైట్లు, క్లయింట్ల డబ్బు. ఆయనది ఒక్క సైట్. పైగా మీ కథలో తప్పు వాళ్ల సర్వర్‌ది. వాళ్ల ఇంట్లో పైపు పగిలితే బాగు చేసినందుకు మీరెందుకు కట్టాలి? ఉచిత సపోర్ట్‌లోనే అది చూడాల్సింది.

ఫోరంలని అంత తీసిపారేయకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కోట్ల సైట్లకు ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు (సైట్ సురక్షితంగా తెరుచుకోవడానికి కావాల్సినవి) ఉచితంగా ఇస్తోంది, దాని సపోర్ట్ అంతా వాళ్ల కమ్యూనిటీ ఫోరంలోనే. ఫోన్ నంబర్ లేదు, చాట్ లేదు. నేను అడిగిన ప్రతిసారీ అదే రోజు జవాబు వచ్చింది, అదీ లాగ్ చదివి మరీ.

#10 అర్ధరాత్రి_డెప్లాయ్

చూడాల్సిందే, ఒప్పుకుంటాను. ఉచిత టికెట్‌లో చూసేవారు కూడా, నాలుగో రోజుకి. ఆ మూడు రోజుల ఆర్డర్ మెయిల్స్ ఎవరిస్తారు?

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంగతే తీసుకుందాం. వాళ్ల సర్టిఫికెట్ గడువు కొన్ని నెలలే. గడువు దగ్గరపడుతోందని పంపే హెచ్చరిక మెయిల్స్‌ని 2025 జూన్‌లో ఆపేశారు. ఆటో రెన్యూవల్ చెడిపోయి, మీరు ఊళ్లో లేకపోతే? ఉచితంగా వచ్చేదాంట్లో కాపలా కాసే మనిషి మనమే. కాసే ఓపికుంటే ఉచితం మంచిదే, నేనేమీ కాదనను.

#11 పాత_సర్వర్

కాపలా కాయడానికి అప్‌టైమ్ మానిటర్లు ఉచితంగానే దొరుకుతాయి. సర్టిఫికెట్ గడువు కూడా చూసి మెయిల్ పంపేవి ఉన్నాయి. ఒక్కసారి పెట్టుకుంటే చాలు.

సరే, ఆయన సైట్ ఇంకా లేవలేదు, మనం ఇక్కడ వాదించుకుంటున్నాం. విత్తనాల_సైట్ గారూ, లాగ్ కనపడకపోతే వర్డ్‌ప్రెస్‌దే ఆన్ చేయండి. వర్డ్‌ప్రెస్ ఫోల్డర్‌లో డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంటుంది. ముందు దాని కాపీ ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. అందులో డీబగ్, డీబగ్ లాగ్ రెండూ ట్రూ చేయండి, డీబగ్ డిస్‌ప్లే మాత్రం ఫాల్స్. లేకపోతే వచ్చినవాళ్లందరికీ మీ ఫోల్డర్ల పేర్లు కనపడతాయి. తర్వాత సైట్ ఒకసారి తెరవండి. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ ఫైల్ పుడుతుంది.

ఇంకోటి. వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి, అంటే 2019 నుంచి, ఇలా కూలినప్పుడు అడ్మిన్ మెయిల్‌కి రికవరీ లింక్ వస్తుంది. ఏ ప్లగిన్ వల్ల పడిందో కూడా అందులోనే ఉంటుంది. మీరు అడ్మిన్ పేజీ తెరిచే ప్రయత్నం చేశారు కదా, మెయిల్ వచ్చి ఉండాలి. చూశారా?

#12 విత్తనాల_సైట్

అడ్మిన్ మెయిల్ అంటే సైట్ పెట్టిన రోజు ఇచ్చిన పాత ఐడీ. ఏడాదిగా తెరవలేదు... ఇప్పుడు చూస్తాను.

#13 కొత్తగా_చేరా

మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నలూ. నాది కాలేజీ ప్రాజెక్ట్, పూర్తిగా ఉచిత హోస్టింగ్‌లో పెట్టాను. దానికి సపోర్ట్ ఎక్కడ అడగాలి?

#14 డీఎన్‌ఎస్_దయ్యం

తమ్ముడూ, హోస్టింగే ఉచితమైతే సపోర్ట్ అంటే వాళ్ల హెల్ప్ పేజీలు, ఫోరం. అంతే. ప్రాజెక్ట్‌కి అది చాలు. ఫైళ్లు నీ కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచుకో.

బ్యాకప్ మాట వచ్చింది కాబట్టి, #6లో "ఉచిత బ్యాకప్ రీస్టోర్" అని ఉంది కదా, దాని గురించి కూడా. రీస్టోర్ చేస్తామన్నారు సరే, ఆ బ్యాకప్ ఎక్కడుంది? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. ఎస్‌బీజీ2 అనే భవనం మొత్తం పోయింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకి రెండూ కలిసి పోయాయి. అలాంటప్పుడు మీరు ఏ ప్లాన్ కట్టినా సపోర్ట్ మనిషి చేసేదేముంది, అయ్యో అనడం తప్ప? 2017 జనవరి 31న డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. తీరా చూస్తే ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బతికారు. వాళ్లే అంత పెద్ద టెక్నికల్ కంపెనీ.

రీస్టోర్ బటన్ కోసం ప్రీమియం కట్టాలనుకుంటే మాత్రం ఆ డబ్బుతో వేరే చోట బ్యాకప్ స్థలం కొనుక్కోండి. నెలకోసారి దాన్ని నిజంగా తెరిచి చూడండి.

#15 విత్తనాల_సైట్

దొరికింది!!

పాత మెయిల్‌లో నిజంగానే వర్డ్‌ప్రెస్ పంపిన మెయిల్ ఉంది, మంగళవారం పొద్దున్నదే. ఒక ప్లగిన్ పేరు రాసి ఉంది, డెలివరీ రోజు ఎంచుకునే చిన్న ప్లగిన్ అది. డీబగ్ లాగ్‌లో కూడా అదే ప్లగిన్ ఫోల్డర్, "అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ ఈచ్" అని ఉంది. దీని అర్థం ఏంటి? నేనేమీ మార్చలేదు, ఒట్టు.

#16 పాత_సర్వర్

మీరు మార్చలేదు. వాళ్లు మార్చారు. ఈచ్ అనే ఫంక్షన్‌ని పీహెచ్‌పీ 8.0లో తీసేశారు. నిన్నటిదాకా నడిచి ఇవాళ లేదంటోందంటే మీ సర్వర్‌లో పీహెచ్‌పీ 7 నుంచి 8కి మారిందన్నమాట. సీప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మార్చుకునే చోటు ఉంటుంది. అక్కడ ప్రస్తుతానికి 7.4 పెట్టి చూడండి. సైట్ లేస్తుంది. కానీ అక్కడే ఉండిపోకండి. 7.4కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి. ఆ ప్లగిన్ తీసి వేరేది పెట్టుకుని మళ్లీ 8కి వెళ్లండి.

#17 విత్తనాల_సైట్

లేచింది. 🙏 మూడు రోజుల తర్వాత నా హోమ్ పేజీ చూస్తుంటే ఏదో చుట్టం వచ్చినట్టుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, సిగ్గుగానే ఉంది. అదే పాత మెయిల్‌లో హోస్టింగ్ వాళ్లు రెండు వారాల ముందే రాశారు, ఫలానా తేదీన పీహెచ్‌పీ మారుస్తున్నాం, మీ ప్లగిన్లు చూసుకోండి అని. దాని పైనా కిందా ఇరవై ఆఫర్ మెయిల్స్. అవన్నీ ఒకటే అనుకునేవాణ్ణి.

#18 రాత్రి_షిఫ్ట్

అంటే చాట్‌లో చెప్పింది అబద్ధం కాదు. సమస్య మీ కోడ్‌లోనే ఉంది. కానీ "నిన్న మేం పీహెచ్‌పీ మార్చాం, వెనక్కి మార్చి చూడండి" అన్న ఒక్క వాక్యం కలిపి ఉంటే మీకు మూడు రోజులు పోయేవి కావు. నేనైతే దాన్ని ఉచిత సపోర్ట్ లోపం అనను. ఆ వాక్యం చెప్పమని చాట్‌లో కూర్చున్నవాళ్లకి పైవాళ్లు చెప్పి ఉండాలి. ఆ రోజు మీలాంటి చాట్‌లు వాళ్లకి కుప్పలుగా వచ్చి ఉంటాయి.

ప్రీమియం ఉంటే తేలేదా అంటే, అవును, తేలేది. లాగ్ తెరిచిన ఎవరికైనా పది నిమిషాల పని. అది దాచను.

ఈసారికి మీరు చేయగలిగింది ఒకటుంది. టికెట్ రాసే పద్ధతి. "సైట్ పనిచేయడం లేదు, అర్జెంట్" అని రాస్తే నేనైనా రెడీమేడ్ జవాబే అతికిస్తాను. ఇలా రాసి ఉంటే: "మంగళవారం ఉదయం 6 నుంచి అన్ని పేజీల్లో 500. నేను ప్లగిన్, థీమ్ ఏదీ మార్చలేదు. సోమవారం రాత్రి సర్వర్‌లో మీ వైపు ఏమైనా మారిందా? నా అకౌంట్ పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్ చివరి 20 లైన్లు పంపగలరా?" దీనికి అతికించే జవాబు లేదు. చదవాల్సిందే, లేదంటే పై లెవెల్‌కి పంపాల్సిందే. ఒక టికెట్‌లో ఒక్క సమస్యే రాయండి. జవాబు రాలేదని మధ్యలో "హలో?" అని పెట్టకండి. కొన్ని సిస్టమ్‌లలో అలా పెట్టిన ప్రతిసారీ టికెట్ కొత్తదానిలా క్యూ చివరికి పోతుంది. మా దగ్గర పోయేది.

#19 అర్ధరాత్రి_డెప్లాయ్

ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు. డబ్బు కట్టే నేను కూడా ఇలాగే రాస్తాను.

విత్తనాల_సైట్ గారూ, నా సలహా మార్చుకుంటున్నాను. ఏడాది ప్లాన్ వద్దు. మీ వ్యాపారానికి సీజన్ ఉంటుంది కదా, ఆ రెండు మూడు నెలలకే ప్రీమియం దొరుకుతుందా అడగండి. కట్టే ముందు ఆ "వీలైనంత" వాక్యం గురించి సేల్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి: ప్లగిన్ వల్ల సైట్ పడితే లాగ్ చూసి కారణం చెప్తారా, లేదా? బాగు చేయమని కాదు, కారణం చెప్పమనే.

#20 విత్తనాల_సైట్

అడిగాను. సేల్స్ చాట్‌లో రెండు నిమిషాల్లో మనిషి దొరికాడు (అక్కడ క్యూ ఉండదు కాబోలు). నెలవారీగా ఇస్తారట. లాగ్ చూసి కారణం చెప్తారా అంటే మూడుసార్లు చుట్టూ తిప్పి, చివరికి "కారణం చెప్తాం, బాగుచేయడం మీ బాధ్యత" అని మెయిల్‌లో రాసిచ్చాడు. విత్తనాలు ఎక్కువ పోయే రెండు నెలలకి తీసుకుంటాను. మిగతా నెలల్లో పాత_సర్వర్ గారు చెప్పిన మానిటర్, డీఎన్‌ఎస్ గారు చెప్పిన వేరే చోట బ్యాకప్. అడ్మిన్ మెయిల్ రోజూ చూసే ఐడీకి మార్చేశాను.

#21 బగ్గు_బావ

అన్నా, ఆ డెలివరీ రోజు ప్లగిన్ పేరేంటో కాస్త చెప్పరా? ఊరికే.

#22 విత్తనాల_సైట్

ఇన్‌బాక్స్‌లో పంపాను బావ గారూ.

#23 బగ్గు_బావ

నా దగ్గరా అదే ఉంది. మా హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ ఎప్పుడు మారుస్తున్నారో చూసొస్తాను. మెయిల్ వచ్చే ఉంటుంది ఎక్కడో.